బసవన్న చూసిన ఫైట్లు

మా డోన్ ఊళ్లో టైలర్ బసవన్న గురించి చెప్పుకోదగ్గ విశేషం ఒక్కటే. ఆడపిల్ల హీరోగా ఉన్న ఫైటింగు సినిమా ఏది వచ్చినా ఆయన తప్పకుండా చూస్తాడు. నాలుగుసార్లు చూస్తాడు. నాలుగుసార్లూ కథ చూడడు, ముఖం చూడడు, చివరికి ఫైటు కూడా చూడడు. కుట్లు చూస్తాడు.

తెరమీద కథానాయిక కాలు గాల్లోకి లేస్తే తక్కిన జనం ఈల వేస్తారు. బసవన్న మాత్రం ఆపరేషన్ గది బయట నిలబడ్డ బంధువులాగా ముందుకు వంగి, ఊపిరి బిగబట్టి, ఆ కాలు ఎంత ఎత్తు లేచిందో, ప్యాంటు ఎక్కడ పట్టేసిందో గమనించి, హాలంతా వినపడేటట్టు ఒకే ఒక్క మాట అంటాడు.

"పోయె!"

పోయింది విలన్ కాదు, ప్యాంటు నడిమి కుట్టు. తెరమీద అది చెక్కుచెదరకుండా ఉంటుంది. ఉంటే ఉండనీ, శాస్త్రప్రకారం అది పోయి తీరాలి. అరవై రెండేళ్ల వయసూ, నలభై అయిదేళ్ల కుట్టుమిషనూ ఆ శాస్త్రానికి సాక్ష్యం.

నేను ఇక్కడి డిగ్రీ కాలేజీలో రాజనీతిశాస్త్రం చెబుతాను. బసవన్న అంగడి మీది గదిలో అద్దెకుంటాను. అంచేత తొలిసారి ఆయనతో సినిమాకు పోయిన పాపం నాకే దక్కింది. మొదటి అరగంటలోనే పదకొండు పోయాయి. కథానాయిక గోడ దూకింది. "పోయె!" రైలు మీద నుంచి లారీ మీదికి దూకింది. "శానా పోయె!" ఒక రౌడీని గొంతు పట్టుకుని ఒంటిచేత్తో పైకెత్తింది. "చంక పోయె!"

ముందు వరసలో ఒకాయన వెనక్కి తిరిగాడు. "ఏం పోయెనప్పా పెద్దాయనా?"

"చంక."

"ఎవురిది?"

"ఆ పాపదే. చెయ్యి అంతెత్తు లేపితే, చంక కింద ముక్క ల్యాకుండా కుట్టు యాడ నిలుస్తాదప్పా? నువ్వే చెప్పు."

ఆయన తెరవైపు తిరిగి కాసేపు చూశాడు. తరువాతి తన్నుకు ఇద్దరూ కలిసి "పోయె!" అన్నారు. ఇంటర్వెల్‌కు వరసంతా నేర్చుకుంది. క్లైమాక్సులో నలభైమంది రౌడీలు నేలకరుస్తుంటే హాలు మొత్తం నలభైసార్లు "పోయె!" అంది. ఆ సినిమాకు పైసా వసూల్ అంటే అదొక్కటే.

మరునాడు హాలు మేనేజరు దావీదురాజు స్వయంగా అంగడికి వచ్చాడు.

"బసవన్నా, నీకు దండం పెడ్తా. ఆయమ్మ తమ్ముని శవం మీద పడి ఏడుస్తాంటే జనం పొట్ట పట్టుకుని నవ్వుతాండారు."

"నవ్వరా మరి? ఆ తోలు ప్యాంటుతో మోకాళ్ల మీద కూలబడింది చూడు. మోకాలు వంగుతాదా దాంట్లో? ఆ పాప ఏడుస్తాండేది తమ్మునికి కాదు దావీదూ, ప్యాంటుకి."

చివరికి ఒక ఒప్పందం కుదిరింది. బసవన్న ఆఖరి వరసలో, గోడవారగా, నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని కూర్చోవాలి. ఏది పోయినా తువ్వాల్లోకే పోవాలి. ఒప్పందాన్ని ఆయన నిష్ఠగా పాటించాడు. కాకపోతే ఆఖరి వరస నుంచి కుట్లు కనపడవని ఎవరిదో బైనాక్యులర్ తెచ్చుకున్నాడు. అరవై రెండేళ్ల మనిషి చీకట్లో బైనాక్యులర్ పెట్టుకుని హీరోయిన్ ప్యాంటు చూస్తుంటే ఊరు ఏమనుకోవాలో అదే అనుకుంది.

ఊరికంటే ముందే ఆయన భార్య తిమ్మమ్మ అనుకుంది. ఒక ఆదివారం నన్ను కిందికి పిలిచి, న్యాయస్థానం పెట్టించింది.

"సారూ, మీరు సదువుకున్నోళ్లు. ఈయప్పకి ఈ వయసులో ఆడపిల్లల ప్యాంట్ల మీద ధ్యాస ఏంది? పెండ్లయి నలభై ఏండ్లాయ. నేను ఏ చీర కట్టుకున్యానో ఒక్కనాడన్నా చూసినాడా అడగండి."

"చీరకి కుట్టు ఉండదు కదమ్మే," అన్నాడు ముద్దాయి. "ఏమని చూడాల?"

రాజనీతిశాస్త్రంలో దీనికి తీర్పు లేదు. నేను మజ్జిగ తాగి మెల్లగా మేడెక్కాను.

అయితే ఇంత నిష్ఠగా చూసేవాడికి ఎప్పుడో ఒకప్పుడు సత్యం కనపడకపోదు. ఒకసారి నాలుగో ఆట చూసొచ్చి, చెప్పులు కూడా విడవకుండా నా గదిలోకి వచ్చాడు.

"సారూ, ఒక సంగతి కనుక్కున్యా. రెండుంబావు గంటల సినిమాలో ఆ పాప ఒక్కసారి కూడా కూచోల్యా."

"బైకు మీద కూర్చుంది కదా?"

"బైకు మీద బోర్ల పండుకున్యాది. కూచోల్యా. కుర్చీ కనపడితే దాంతో కొట్టింది. సోఫా కనపడితే దాన్ని దూకింది. మంచం కనపడితే దాని కిందికి దూరింది. యాలంటారు?"

"ఎందుకు?"

"కూచుంటే పోతాది కాబట్టి! ఇంగొకటి. తుపాకీ యాడ నుంచి తీసింది? జేబు యాడ ఉండాది? ఊరినంతా కాపాడేదానికి దస్తీ పెట్టుకునే తావు కూడా ల్యాదు సారూ."

నేను నవ్వేశాను గానీ, ఆ తరువాత అలాంటి సినిమా ఎప్పుడు చూసినా నాకు కథ ఎక్కలేదు. ఆమె ఎప్పుడు కూర్చుంటుందా అని ఎదురు చూడటమే సరిపోయింది. కూర్చోలేదు. విలన్లు హాయిగా కూర్చున్నారు, వాళ్ల కుక్కలు కూడా కూర్చున్నాయి. సాధికారత పొందిన స్త్రీ మాత్రం నిలబడే ఉంది. ఇలాంటి పాయింటు ఒక్కటి దొరికి ఉంటే నా డాక్టరేటు రెండేళ్ల ముందే వచ్చేది.

ఈ పాండిత్యాన్ని నలుగురికీ పంచాలన్న బుద్ధి పుట్టడమే నేను చేసిన తప్పు. మార్చిలో మహిళా దినోత్సవానికి మా కాలేజీలో సదస్సు పెట్టారు. 'నాయికా ప్రధాన పోరాట చిత్రాలు – మహిళా సాధికారత' అని బ్యానరు. బ్యానరు కట్టడానికి బల్లెక్కినవాళ్లు ఇద్దరూ మగపిల్లలే. ప్రధాన వక్త మా ఇంగ్లీషు లెక్చరర్ స్వర్ణలత గారు. ఒక ఆడపిల్ల పదిమందిని తన్నడం తెరమీద చూస్తే, చూసిన ఆడపిల్ల వెన్ను దానంతటదే నిటారవుతుందని ఆమె సిద్ధాంతం. అందులో నిజం లేకపోలేదు, ఆమె మాట్లాడుతుంటే నా వెన్ను కూడా నిటారయింది. తరువాత సామాన్య ప్రేక్షకుడి గొంతు వినిపిద్దామని నేను బసవన్నను వేదిక ఎక్కించాను.

బసవన్న మైకును చాకుపీసులాగా పట్టుకుని, కూర్చోవడం, జేబు, ఈ రెండు ముక్కలే చెప్పాడు. ఆడపిల్లలు బల్లలు చరిచారు. స్వర్ణలత గారు లేచారు.

"బసవన్న గారూ, మీరు ఒక్కొక్క సినిమా నాలుగుసార్లు చూస్తారట. బైనాక్యులర్‌తో చూస్తారట."

"అవునమ్మా."

"ఆ అమ్మాయి ముఖం చూడరు, పోరాటం చూడరు. ప్యాంటు కుట్టు చూస్తారు. దీన్నేమంటారో తెలుసా? పురుష దృష్టి అంటారు."

"దర్జీ దృష్టి అని యాడా రాయల్యామ్మా మీ పుస్తకాల్లో?"

హాలు గొల్లుమంది. ఆమె నవ్వలేదు. "ఒకసారి చూస్తే దర్జీ దృష్టి అనుకుందాం. నాలుగుసార్లు ఎందుకు? ఎవరి కోసం? చెప్పండి."

బసవన్న నోరు తెరిచాడు. ఒక్కసారి హాలు కలయజూశాడు. నోరు మూశాడు. "నా కండ్లు అట్లనే పోతాయమ్మా. అలవాటు," అని వచ్చి కూర్చున్నాడు.

ఈసారి జనం ఆయన్ను చూసి నవ్వారు. రెండువందల మంది. అబద్ధమెందుకు, నేనూ నవ్వాను. నవ్వనిది మూడో వరసలో ఒక్క అరుణజ్యోతి. నా పాత విద్యార్థిని, నేనే సదస్సుకు రమ్మన్నాను. పాపం, ఈ పిల్లకు హాస్యరసం తక్కువ అనుకున్నాను.

అరుణజ్యోతి సంగతి చెప్పాలి. వాళ్లమ్మ నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలో పని చేస్తుంది. ఈ పిల్లకు కానిస్టేబుల్ కావాలని కోరిక. పోయినసారి రాత పరీక్ష పాసై, మైదానంలో తప్పింది. ఈసారి మళ్లీ రాత పరీక్ష పాసైంది. మిగిలింది పరుగూ, లాంగ్ జంపూ. ఈసారీ తప్పితే వయసు దాటిపోతుంది, ఇంక ఆ గుమ్మం ఎక్కేదే లేదు. అంతా తెలిసిన పిల్ల, సదస్సు ముగిశాక నాతో "గ్రౌండుకు పోను సార్" అంది.

"ఎందుకమ్మా?"

"పోను సార్. అంతే."

భయపడుతోందని నిర్ధారించాను. చదువుకున్నవాణ్ణి కాబట్టి చదువుకున్నవాడి మందే వేశాను. దావీదురాజు హాల్లో అప్పుడు ఆడుతున్న ఆడ ఫైటింగు సినిమాకు ఒక టికెట్టు కొనిచ్చి, చూసి రమ్మన్నాను. మరునాడు ఎలా ఉందని అడిగాను.

"బాగుంది సార్," అంది. రెండడుగులు పోయి వెనక్కి తిరిగి, "ఆమె ప్యాంటు చినగలేదు సార్," అంది.

బసవన్న జబ్బు ఊరంతా అంటుకుందని బాధపడ్డాను.

కానీ నెల తిరక్కుండానే ఆ పిల్ల పొద్దున్నే జూనియర్ కాలేజీ మైదానంలో పరిగెత్తుతూ కనపడింది. "పోతాండా సార్ గ్రౌండుకి!" అని పరుగు ఆపకుండానే అరిచింది.

"సినిమా మహిమేనా?"

"కొంచెం సార్!"

ఈ ముక్కను నేను స్వర్ణలత గారి చెవిన వేశాను. ఆమె దాన్ని వెంటనే తన పరిశోధనా పత్రంలో చేర్చారు, 'రాయలసీమకు చెందిన ఒక యువతి' అని. మేమిద్దరం చాలా సంతోషించాం.

ఆ రోజుల్లోనే కింద అంగడి ముందు 'మిషను రిపేరు' అని అట్టముక్క వేలాడింది. సరిగ్గా పెండ్లిళ్ల కాలం. జాకెట్ల మూటలతో వచ్చినవాళ్లు తిట్టుకుంటూ వెనక్కి పోయారు. నేను మాత్రం మధ్యాహ్నం పూట మేడమీద కునుకు తీయబోతే, కింద మిషను పూనకం వచ్చినట్టు తిరిగేది. రిపేరులో ఉన్న మిషను అంత చక్కగా నడవగా నేనెప్పుడూ వినలేదు.

ఒకనాడు బసవన్న మెట్లెక్కి వచ్చాడు. "సారూ, రేపు కర్నూలుకి పోదాం, వస్తారా? ఒక ఫైటు ఉండాది."

కొత్త సినిమా కాబోలనుకున్నాను. తెల్లవారి మొదటి బస్సెక్కాం. తిమ్మమ్మ కూడా చిత్రాన్నం డబ్బాతో ఎక్కింది. భర్తతో నలభై ఏళ్లలో సినిమాకు పోని మనిషి, ఇప్పుడెందుకు కదిలిందో నాకర్థం కాలేదు. కర్నూల్లో దిగి ఆయన నడిచింది సినిమా హాలు వైపు కాదు, పోలీసు మైదానం వైపు. గేటు లోపలికి పరీక్షకు వచ్చినవాళ్లనే పంపుతారు. బయట వేపచెట్ల కింద తల్లులు, తండ్రులు, ఒక చెరకురసం బండి, ఒక సిమెంటు బెంచీ.

"ఇది హాలు కాదే బసవన్నా?"

"తెర ల్యాదు సారూ. అంతే తేడా," అని ఆయన బెంచీ పక్కన నిలబడి కండ్లద్దాలు తుడుచుకున్నాడు.

తొమ్మిదిన్నరకు పరీక్ష ముగిసిన ఆడపిల్లలు గేట్లోంచి రాసాగారు. వాళ్లలో మా డోన్ పిల్ల ఒకతె, అక్కడ కాచుకున్న తల్లి దగ్గరికి కూడా పోకుండా, నేరుగా బసవన్న దగ్గరికి వచ్చి, వెనక్కి తిరిగి, ఒక కాలెత్తి బెంచీ మీద పెట్టింది. ఆయన వంగి చూశాడు.

"ఉండాది. పో," అన్నాడు.

ఆ పిల్ల అప్పుడు పోయి తల్లిని కావలించుకుంది. తరువాత ఇంకొకతె వచ్చింది. కాలు బెంచీ మీద, "ఉండాది." ఇంకొకతె. ఏడుగురు. ఏడుగురివీ నీలం ప్యాంట్లు. ప్రతిదానికీ రెండువైపులా జేబులు, కాళ్ల నడుమ, ఎంత సాచినా కుట్టు లాగేయకుండా, నాలుగు పలకల అతుకుముక్క, దాని చుట్టూ మూడేసి వరసల కుట్టు.

నేను తిమ్మమ్మ వైపు చూశాను. ఆమె నన్ను పక్కకు లాగింది.

"ఇంగ చెప్పినా పర్వాల్యాదని ఆ పాపే అంటే, నాకే మొన్న చెప్పినాడు సారూ. పోయినసారి ఆ జ్యోతి పాప ఈడ దూకినప్పుడు అంగట్లో కొన్న ప్యాంటు పర్రుమని చినిగిపోయిందంట. ఆ ఇసకలోనే కూలబడిపోయి, ఆడ పోలీసమ్మ దుప్పటి తెచ్చేదాకా లేయల్యాదంట. ఇంగ దూకల్యాదు. ఆ చినిగిన ప్యాంటు కవర్లో పెట్టుకోనొచ్చి, ఎవురికీ చెప్పొద్దు తాతా అని ఈయప్ప చేత మిషను మీద ఒట్టేయించుకున్యాది. అప్పటి నుంచి పట్టింది సారూ ఈ సినిమా పిచ్చి."

"సినిమాకూ దీనికీ ఏం సంబంధం?"

ఆ ప్రశ్నకు బసవన్నే తిరిగి చూశాడు. "ఏం సారూ అట్లంటారు? సినిమాలో కాలు నెత్తిదాకా లేస్తాది కదా. ఆ ప్యాంటు కుట్టినోడు ఎవుడో ఒగడు ఉంటాడు కదా. వాని గుట్టు పట్టల్ల కదా? మన కుట్టయితే యాడ యాడ పోతాదో గుర్తు పెట్టుకుంటా పోయినా. మొదట అచ్చం సినిమాలో ఉన్నట్లే ఆ పాపకి కుట్టి ఇస్తి."

"అది తొడుక్కోని ఆ పాప రాత పరీక్షకి డోన్ నుంచి కర్నూలు దాకా బస్సులో నిలబడే వచ్చింది," అంది తిమ్మమ్మ. "సీటు ఖాళీ ఉండాదమ్మా కూచో అని కండక్టరు బతిమాలినాడంట."

"అప్పుడే తెలిసొచ్చింది సారూ, ఆ సినిమా పాప యాల కూచోల్యాదో. నాలుగో సినిమాలో, నాలుగో ఆటలో, ఇంటర్వెల్ ముందర ఫైట్లో పట్టుకున్యా వాని గుట్టు. కాలు లేపినప్పుడు ఒక్క చిటికెలో కనపడిపాయ. నాలుగు పలకల ముక్క!"

నాయికా ప్రధాన చిత్రాలు స్త్రీలకు నిజంగా సాధికారత ఇస్తాయా అన్న ప్రశ్నకు నాకు ఇంతవరకు దొరికిన తిరుగులేని ఆధారం ఆ గుడ్డముక్క ఒక్కటే.

"ఆ రోజు సదస్సులో స్వర్ణలత గారు అంత గట్టిగా అడిగినప్పుడు చెప్పవచ్చు కదా బసవన్నా, ఎవరి కోసమో?"

"ఎట్ల చెప్పేది సారూ? ఆ పాప మూడో వరసలో కూచోనుండె."

అంతే అన్నాడు. నేను చెరకురసం బండి వైపు తిరిగి, అవసరం లేకపోయినా మూడు గ్లాసులు చెప్పాను.

అప్పుడే అరుణజ్యోతి వచ్చింది. అందరికంటే చివర. తల దించుకుని, పెదవి బిగించి, అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చింది. "అయ్యో పాపా," అంది తిమ్మమ్మ.

బసవన్న ఆ ముఖం చూడనే లేదు. చుట్టూ తిరిగి ఆమె వెనక్కి వెళ్లి, నడుం మీద చేతులు పెట్టుకుని వంగాడు.

"పరుగు పాసే," అన్నాడు.

"ఎలా చెప్తావ్?" అన్నాను.

"పరుగు పోయింటే దూకనిస్తారా? దూకకుంటే ప్యాంటుకి ఇసక యాడిది?" ఇంకొంచెం వంగాడు. "మూడు ఛాన్సులు ఇస్తారు కదా. మూడు మాట్లు దూకింటే ఇసక మూడు తావుల అంటల్ల. ఈడ ఒక్క తావే ఉండాది. ఒక్కటే దూకింది. చాలు పోమ్మా అనింటారు."

నాకు ధైర్యం చాలలేదు. "పోయినసారి కూడా ఒక్కటే దూకింది కదా బసవన్నా?"

"పోయినసారి కుట్టు పోయింది. ఈసారి ఉండాది. కుట్టు ఉండగా ఈ పాప ఆగుతాదా సారూ?"

అరుణజ్యోతి ఇంక పట్టలేకపోయింది. "ఏందో తాతా నువ్వు! ఇంత కష్టపడి ఏడుపు ముఖం పెట్టుకోనొస్తే చూడనన్నా చూడవు!" అని ఎగిరి గంతేసింది. "అయిపాయ సార్! ఫస్టు జంపులోనే అయిపాయ!"

తిమ్మమ్మ ఆ పిల్ల బుగ్గలు పుణికి మెటికలు విరిచింది. మిగతా పిల్లలు చుట్టూ మూగి కేకలు పెట్టారు. నేను నా కండ్లద్దాలకు ఏదో అంటుకుందని తుడుచుకున్నాను. ఇంత సంబరంలో ముఖం మాడ్చుకున్నవాడు బసవన్న ఒక్కడే.

"ఏమైంది బసవన్నా? పాసైంది కదా!"

"పాసైతే అయ్యింది గానీ సారూ," అన్నాడు దిగులుగా, "ఒక్కటే దూకిందా? నేను మూడింటికి కుట్టినానే."

అరుణజ్యోతి నడుం మీద చేతులు పెట్టుకుని ఆయన్ను ఎగాదిగా చూసింది. చెప్పుతో రోడ్డు వారన ఒక గీత గీసింది. "జరగండి మ్మేయ్," అని పిల్లల్ని పక్కకు తోసి, ఇరవై అడుగులు వెనక్కి నడిచింది. చెరకురసం అతను మిషను ఆపి నిలబడ్డాడు. ఆ పిల్ల జేబులో సెల్‌ఫోను సర్దుకుని, ఊపిరి పీల్చుకుని, పరిగెత్తుకొచ్చి గీత మీద నుంచి లేచింది.

మేమంతా ఎంత దూరం దూకిందో చూశాం. బసవన్న ముందుకు వంగి, చెవి అటు పెట్టి, ఆమె కాళ్లు నేల తాకేదాకా ఊపిరి బిగబట్టాడు. తరువాత ఆ రోడ్డున పోయే ఆర్టీసీ బస్సు డ్రైవరు కూడా తలతిప్పి చూసేటట్టు అరిచాడు.

"ఉండాదీ! ఇంగొకటి దూకు!"